ఒక యంత్రములో రెండు గొంతులు

చూపుగలవానికి కంప్యూటరు తెరమీద కనిపించును. చూపులేనివానికి చెవిలో వినిపించును. తెరమీది అక్షరములను, మీటలను, పట్టికలను వరుసగా చదివి వినిపించు సాధనమునకు స్క్రీన్ రీడరని పేరు. ఆ గొంతు పలుకుచున్నంతవఱకు అంధ విద్యార్థి ఎవరికిని తీసిపోడు. అది మూగవోయినచో, యంత్రము లోపల ఎంత చక్కగా నడచుచున్నను, వానికి అది రాతిపలకయే.

కొత్త విద్య నేర్చునపుడు ఈ చిక్కు మఱింత పెద్దదగును. కంప్యూటరును నడిపించు మూలవ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. విండోస్, లినక్స్, మాక్ ఓఎస్ అట్టివి. విండోస్‌తో చదువుకొన్న విద్యార్థికి కళాశాలలో లినక్స్ నేర్వవలసి రావచ్చును. చూపుగలవాడు దానిని ఎక్కించి చూచును. ఏదేని చెడినచో తెరమీది సందేశమును చదివి సరిదిద్దుకొనును. కాని యంత్రము మేల్కొను తొలిక్షణములలో సాధారణముగా స్క్రీన్ రీడరు ఇంకను లేవదు. ఆ నిశ్శబ్దములో పొరపాటు జరిగినచో అంధుడు మఱియొకరి కన్నులకై ఎదురుచూడవలసినదే. అట్టివాడు ప్రయోగమునకు వెనుకాడుటలో వింత యేమున్నది?

దీనికొక ఉపాయము కలదు: ఒక యంత్రములో మఱియొక యంత్రమును కల్పించుట. ఈ తలంపు నిన్న మొన్నటిది కాదు. ఐబీఎం సంస్థ 1972లోనే వీఎం/370 అను వ్యవస్థను ప్రకటించి, ఒక్క పెద్ద కంప్యూటరును పలువురికి పలు కంప్యూటర్లుగా భాసింపజేసెను. 1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్, 2007లో వర్చువల్ బాక్స్ వెలువడి, ఈ విద్యను బల్లమీది కంప్యూటరునకు తెచ్చినవి. ఇందు పాత వ్యవస్థ గృహస్థు. లోపల నడచు కొత్త వ్యవస్థ అతిథి. గృహస్థు తన జ్ఞాపకశక్తిలో కొంత అతిథికి పంచి యిచ్చును. ఒక పెద్ద ఫైలును చూపి, ఇదే నీ డిస్కు అనును. అతిథి తానొక నిజమైన యంత్రముపై నున్నట్లే నడచుకొనును.

అయితే గృహస్థు గొంతు అతిథి గదిలోని వ్రాతను చదువజాలదు. ఏలయన, స్క్రీన్ రీడరు ప్రధానముగా తెరమీది బొమ్మను చూచి చదువదు. ఇచ్చటనున్నది మీటయా, పేరేమి, నొక్కబడినదా అని ఆపరేటింగ్ సిస్టమును అడిగి, వచ్చిన సమాధానమును పలుకును. అతిథి తెర గృహస్థునకు చేరునది వట్టి చిత్రముగా మాత్రమే. చిత్రమును ఎంత ప్రశ్నించినను బదులు పలుకునా? కావున అతిథికి తన గొంతు తనకే ఉండవలెను.

ఆ గొంతులు నేడు సులభముగానే లభించుచున్నవి. విండోస్‌లో నరేటర్, లినక్స్‌లో ఓర్కా, మాక్‌లో వాయిస్ ఓవర్ కలవు. విండోస్ కొఱకై ఎన్వీడీఏ అను స్క్రీన్ రీడరును ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ 2006లో ఆరంభించెను. జేమ్స్ టే ఆయనతో కలిసెను. ఇరువురును అంధులే. దానిని ఎల్లరకును ఉచితముగా ఇచ్చిరి. దానితో వచ్చు ఈస్పీక్ ఎన్‌జీ గొంతు తెలుగును సైతము చదువును.

అతిథిని నెలకొల్పు వేళనే ఈ గొంతును మేల్కొల్పవచ్చును. విండోస్ స్థాపించునపుడు విండోస్ మీట, కంట్రోలు, ఎంటర్ కలిపి నొక్కినచో నరేటర్ పలుకును. ఉబుంటులో ఆల్ట్, విండోస్ మీట, ఎస్ కలిపి నొక్కవలెను. డెబియన్ తొలి పట్టికయొద్ద ఎస్, ఆపై ఎంటర్ నొక్కిన చాలును. అతిథికి కల్పిత సౌండు కార్డును ముందుగా అమర్చుట మఱువరాదు. అది లేనిచో గొంతున్నను మాట బయటికి రాదు.

రెండు గొంతులున్నచోట తగవును రావచ్చును. ఎన్వీడీఏ తన ఆజ్ఞలకు ఇన్సర్టు మీటను వాడును. గృహస్థునకును అతిథికిని అదే రీడరున్నచో, నొక్కిన మీట ఎవరిది? ఒకరికి ఇన్సర్టును, రెండవవారికి క్యాప్స్ లాకును కేటాయించుట ఒక మార్గము. అతిథి కిటికీలో నున్నంతసేపు గృహస్థు ఎన్వీడీఏను నిద్రావస్థలో నుంచుట మఱియొక మార్గము. గొంతులను వేఱువేఱుగా ఎన్నుకొనుట ఇంకను మేలు. ఏ యింట నున్నదియు చెవికి వెంటనే తెలియును.

ఇంత శ్రమకు ఫలమేమి? తప్పు చేయుటకు స్వేచ్ఛ. అతిథి కుప్పకూలినను గృహస్థు పలుకుట మానడు. విద్యార్థి పరసహాయము లేకయే ఆ కల్పిత యంత్రమును ఆపి, ముందు దాచుకొన్న స్నాప్‌షాట్‌కు తిరిగి పోవచ్చును. అపుడు అతిథి చెడకమునుపటి స్థితికి వచ్చును. చెడగొట్టి బాగుచేయుచు నేర్చుట చూపుగల విద్యార్థికి ఎప్పుడును ఉన్నదే. ఈ కల్పిత యంత్రము ఆ అవకాశమును అంధ విద్యార్థికిని దక్కించును.

తమ సహాయముగాని గుర్తింపుగాని గల విద్యాసంస్థలు వికలాంగులకు సమ్మిళిత విద్య నందించునట్లు ప్రభుత్వములు కృషి చేయవలెనని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము చెప్పుచున్నది. ప్రయోగశాలలో అది నెఱవేరినదో లేదో తెలిసికొనుటకు ఉపాధ్యాయునకు సులభమైన పరీక్ష యొకటి కలదు. పాఠమునకు సిద్ధపఱచిన కల్పిత యంత్రమును తెరిచి, తెరను ఆర్పి, మౌసును ప్రక్కకు నెట్టి, మొదటి అభ్యాసమును తానే చెవితో ముగింప యత్నింపవలెను. ఆగిపోయిన చోటెల్ల సరిచేయవలసిన చోటే.