పట్టా పాతదైతే అమెరికా రెసిడెన్సీ దక్కుతుందా?

రేణిగుంటకు దగ్గర్లోని తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల 1960లో మొదలైంది. 2014లో శ్రీ పద్మావతి మహిళా వైద్య కళాశాల తోడైంది. ఇలాంటి చోట్ల ఎంబీబీఎస్ చదివి, ఉద్యోగం, సంసారం కుదుటపడ్డాక అమెరికాలో రెసిడెన్సీ (ఆసుపత్రిలో స్పెషాలిటీ శిక్షణ) వైపు చూసే డాక్టర్ల తొలి సందేహం ఒకటే: వయసు అడ్డొస్తుందా?

అర్హత నిబంధనల్లో వయోపరిమితి లేదు. అసలు చిక్కు పట్టా అందుకున్న సంవత్సరంతోనే. చాలా ఆసుపత్రులు చదువు ముగిసి ఐదేళ్లు దాటినవారి దరఖాస్తులను తెరవకుండానే పక్కన పెడతాయి. కొన్ని పదేళ్ల దాకా చూస్తాయి. కొన్నింటికి ఆ లెక్కే లేదు.

అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈలో తొలి దశ అయిన స్టెప్ 1లో 2022 జనవరి నుంచి మార్కులు ఎత్తేశారు; పాసో ఫెయిలో చెబుతారు, అంతే. దాంతో భారమంతా స్టెప్ 2 సీకే (క్లినికల్ నాలెడ్జ్) స్కోరు మీద పడింది. అది ఒకే రోజు తొమ్మిది గంటలు కూర్చుని రాయాల్సిన పరీక్ష. ఇల్లు, క్లినిక్ చూసుకుంటూ దానికి సిద్ధం కావడం చిన్న విషయం కాదు.

రెసిడెన్సీ దరఖాస్తులు సెప్టెంబరులో, ఫలితాలు మార్చిలో. 2024లో అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రుల్లో సుమారు 58 శాతం మందికి సీటు దొరికింది. ఇంటర్నల్ మెడిసిన్, ఫ్యామిలీ మెడిసిన్‌లో అవకాశాలు ఎక్కువ.

కాబట్టి వైద్యవృత్తిలో విరామం రానివ్వకండి. అమెరికాలో క్లినికల్ అనుభవం, అక్కడి డాక్టర్ల సిఫారసు లేఖలు సంపాదించండి. ఫీజు కట్టేముందే ప్రతి ఆసుపత్రి పట్టా సంవత్సరం నిబంధనను చదవండి.