పర్వతములు – బొగ్గుపులుసు వాయువు

శిల అనగానే మార్పు లేనిది, చలనము లేనిది అనే భావము మనలో స్థిరపడి ఉన్నది. కాని శిలలు వాతావరణముతో ఎడతెగని ఇచ్చిపుచ్చుకోలు సాగిస్తున్నవి. అందులో ముఖ్యమైనది బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్. పర్వతములు పుట్టే వేళ శిలలు దీనిని ఎట్లు విడుదల చేస్తవో, ఎట్లు దాచుకుంటవో ఇక్కడ వివరించదలచినాము.

సున్నపుబట్టీని తలచుకుంటే విషయము సులభముగా బోధపడుతుంది. 100 కిలోల శుద్ధమైన సున్నపురాయిని కాల్చితే 56 కిలోల సున్నము మిగిలి, 44 కిలోల వాయువు గాలిలో కలుస్తుంది. భూఫలకములు ఢీకొని పర్వతములు లేచేటప్పుడు, సముద్రగర్భమున పేరుకొనిన సున్నపురాయి లోతులకు అణగి, తీవ్రమైన వేడికి, ఒత్తిడికి లోనవుతుంది. అక్కడ పలుగురాయితో కలిసి వోలాస్టొనైటు అనే కొత్త ఖనిజముగా మారి, వాయువును వదలుతుంది. ఇట్టి రూపాంతర శిలలు మన తూర్పు కనుమలలో విజయనగరం ప్రాంతమున కలవు. హిమాలయములలో ఈ క్రియ నేటికీ సాగుతున్నది. నేపాల్‌లోని ఉష్ణగుండముల నుండి ఆ వాయువు వెలువడుతున్నది.

అయితే అంతయు బయటికి పోదు. దక్షిణ భారతములోని చార్నొకైటు శిలల స్ఫటికములలో కొంత వాయువు కంటికి కనబడని బుడగలుగా చిక్కుకొని ఉన్నది. కోండు గిరిజనుల పేరిట పిలువబడే ఖొండలైటు శిలలో ప్రాచీన అవక్షేపముల కార్బన్ గ్రాఫైటుగా నిలిచి ఉన్నది. మన పెన్సిలు ములుకులో ఉన్నదీ ఆ పదార్థమే.

మరి మన మౌలాలి గుట్ట సంగతి ఏమిటి? అది రూపాంతర శిల కాదు. సుమారు 250 కోట్ల ఏండ్ల క్రితము శిలాద్రవము భూగర్భమున చల్లారి ఏర్పడిన గ్రానైటు. వాయువును నిల్వచేసే పనిలో దానికీ పాత్ర ఉన్నది. వాననీరు గాలిలోని వాయువును కరగించుకొని, బలహీనమైన ఆమ్లమై, రాతిని కొద్దికొద్దిగా మొరముగా, మట్టిగా మార్చుతుంది. కరిగిన కాల్షియము, కార్బన్ మూసీలో చేరి, వాడపల్లి వద్ద కృష్ణలో కలిసి, బంగాళాఖాతము వైపు సాగుతవి. సముద్రములో అట్టి పదార్థమే గవ్వలుగా, తుదకు సున్నపురాయిగా మారుతుంది. పర్వతములు లేచినకొలది కొత్త శిల వానకు గురి అయి, ఈ నిల్వ పెరుగుతుంది.

ఈ చక్రము ఒకసారి తిరగడానికి కోట్ల ఏండ్లు పడుతుంది. వాయువును విడుదల చేసే పనిని సిమెంటు కొలిమి గంటలలో ముగిస్తున్నది. బొగ్గు, పెట్రోలు మంటలు దానికి తోడైనవి. పారిశ్రామిక యుగమునకు ముందు గాలిలో పది లక్షల వంతులకు సుమారు 280 వంతులున్న ఈ వాయువు 2024 నాటికి 420 దాటినది. కొండలు దీనిని తిరిగి దాచగలవు. అయితే అంతకాలము వేచియుండుట మానవజాతికి సాధ్యము కాదు. కావున విడుదలను తగ్గించే బాధ్యత మనదే. విద్యార్థులు పాఠ్యపుస్తకముతో పాటు మన ఊరి రాతిని కూడ చదవగలరని ఆశిస్తున్నాము.