ఎలిఫెంటా వెళ్తున్నారా?

ముంబయి వెళ్లిన మనవాళ్లు ఒక్క పూటలో చూసొచ్చే దీవి ఎలిఫెంటా. గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర లాంచీ ఎక్కితే దాదాపు గంట ప్రయాణం. సోమవారాలు గుహలు మూసేస్తారు. అక్కడ ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే పెద్దాసుపత్రికి రావడానికి మళ్లీ ఆ గంట సముద్రం దాటాల్సిందే. కాబట్టి జాగ్రత్తలన్నీ ఒడ్డునే తీసుకోవాలి.

లాంచీలో: వాంతుల భయముంటే డాక్టరు సూచించిన మాత్ర అరగంట ముందే వేసుకోండి. ఇడ్లీలాంటి తేలికైన టిఫిన్ చాలు. లాంచీ మధ్యలో కూర్చుని, దూరంగా కనిపించే ఒడ్డును చూడండి. 2024 డిసెంబరులో ఈ దారిలోనే నౌకాదళ స్పీడ్‌బోటు ఢీకొని ప్రయాణికులు చనిపోయారు. లైఫ్‌జాకెట్ అడిగి మరీ వేసుకోండి.

మెట్లపై: గుహలకు సుమారు 120 మెట్లు ఎక్కాలి. పెద్దవాళ్లు పొద్దున్నే వెళ్లి, ఆగి ఆగి ఎక్కాలి. బీపీ, షుగరు మాత్రలు, గ్లూకోజు, నీళ్లు చేతి సంచిలోనే ఉండాలి. ఛాతీ బరువెక్కి చెమటలు పడితే 'గ్యాసేలే' అని సరిపెట్టుకోవద్దు. అక్కడే కూర్చోబెట్టి, 108కు ఫోన్ చేయండి. రోగిని నడిపించకుండా మోసుకొచ్చి, వెంటనే దొరికిన లాంచీ ఎక్కించండి.

కోతులతో: తినుబండారాలు బయటికి తీయొద్దు. కోతి కరిచినా, రక్కినా గాయాన్ని ధారగా పడే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం పెట్టొద్దు. రేబిస్ టీకా ఇంటికెళ్లాక చూద్దామనుకోకండి, ఆ రోజే వేయించండి.