సముద్రంలో చేపకీ ఒక చోటు

ఇల్లు చిన్నదైనా పెద్దదైనా దేని చోటు దానికి ఉంటుంది కదండీ! మంచినీళ్ళ బిందె పక్కన చెత్తబుట్ట పెట్టం. పసిపాప ఉయ్యాల దగ్గర పొయ్యి వెలిగించం. సముద్రానికీ ఇదే పద్ధతి కావాలని ఇప్పుడు చాలా దేశాలు అంటున్నాయి. ఓడలు ఎటు పోవాలి, ఫ్యాక్టరీ గొట్టం ఎక్కడ వెయ్యాలి, వేట ఎక్కడ సాగాలి, చేపలు గుడ్లు పెట్టే చోటు ఏది వదిలెయ్యాలి అని ముందే కూర్చుని పటం గీసుకోవడమన్నమాట. మన దేశంలో నార్వే సాయంతో పుదుచ్చేరి, లక్షద్వీప్‌లలో ఈ పని మొదలైంది.

"సముద్రం గొడవ మనకెందుకు?" అనుకోకండి. అనకాపల్లి అనగానే అందరికీ బెల్లమే గుర్తొస్తుంది. కానీ 2022లో ఏర్పడ్డ మన జిల్లాలో పూడిమడక, రాజయ్యపేట లాంటి మత్స్యకార గ్రామాలు ఎన్నో ఉన్నాయి. మనం బేరమాడి కొనే నెత్తళ్ళు, కానాగడతల వెనక వాళ్ళ కష్టం ఉంది.

నిజానికి మన సముద్రంలో కొన్ని గీతలు ఇప్పటికే ఉన్నాయి. ఒకటి, కాలం గీత. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్ల వేట బంద్. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. చూలాలికి విశ్రాంతి లాంటిదే! ఆ రోజుల్లో మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20,000 రూపాయలైంది. రెండోది, దూరం గీత. 1994 చట్టం కింద ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు చిన్న పడవల వాళ్ళది. మూడోది, కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యం. 1978లో ఏర్పాటైంది. అక్కడి మడ చెట్ల వేళ్ళ మధ్య రొయ్య పిల్లలు, చేప పిల్లలు పెరిగి సముద్రంలోకి వెళతాయి. మడ అడవి వాటికి పుట్టిల్లు.

అయితే గీత గీసినంత మాత్రాన సరిపోదండీ. రింగు వలలు 8 కిలోమీటర్ల లోపల వేస్తున్నారని విశాఖలో రేగిన తగాదా 2022 జనవరిలో పడవలు తగలబడేదాకా వెళ్ళింది. అందరినీ కూర్చోబెట్టి మాట్లాడి, గీతను కాపలా కాస్తేనే అది నిలుస్తుంది.

ఇప్పుడు మన తీరానికి కొత్త చుట్టాలు వస్తున్నారు. రాంబిల్లి దగ్గర నౌకాదళ స్థావరం, పూడిమడక దగ్గర గ్రీన్ హైడ్రోజన్ కేంద్రం, నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కు. చివరి రెండింటికీ 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. బల్క్ డ్రగ్ పార్కు వద్దని అదే ఏడాది రాజయ్యపేట మత్స్యకారులు ఆడా మగా రోడ్డెక్కారు. పిల్లలకి ఉద్యోగాలు కావాలి, కాదనం. కానీ వాటికి చోటు గీసిన పటంలోనే చేప గుడ్లు పెట్టే చోటూ, తాబేలు ఒడ్డెక్కే ఇసకా, పడవ ఆగే రేవూ ముందే గీయాలి. అన్నీ కట్టేశాక మిగిలింది చేపకి ఇస్తామంటే ఏం మిగులుతుంది చెప్పండి?

2030 నాటికి భూమిలో, సముద్రంలో 30 శాతం చొప్పున కాపాడాలని 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో దాదాపు దేశాలన్నీ ఒప్పుకున్నాయి. మరి మన వంతు?

* వేలెడంత వంజరం పిల్లలు, చందువ పిల్లలు కొనకండి. కొనేవాళ్ళు లేకపోతే పట్టేవాళ్ళూ తగ్గుతారు. నెత్తళ్ళు పెరిగినా అంతే, ఫరవాలేదు.

* వేట నిషేధం రోజుల్లో ఎండు నెత్తళ్ళు వంకాయతో వండండి, లేదా చెరువు చేప తెచ్చుకోండి.

* శీతాకాలం నుంచి వేసవి మొదలు దాకా తాబేళ్ళు ఇసకలో గుడ్లు పెడతాయి. ఒక్కో గూట్లో వంద పైనే ఉంటాయి. బీచికి వెళితే రాత్రి టార్చి వెయ్యకండి, ప్లాస్టిక్ కవర్లు వదలకండి.

* పెద్ద ఫ్యాక్టరీలకి ముందు ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు. అది మగవాళ్ళ మీటింగు అనుకోకండి. వెళ్ళి, "గొట్టం ఎక్కడ వదులుతారు? చేపల చోటు ఎక్కడ పెట్టారు?" అని అడగండి. ఇంట్లో దేని చోటు ఏదో తెలిసినవాళ్ళం, ఆ మాట మనం అడక్కపోతే ఎవరడుగుతారు!