ఇల్లాలి వంతు

మన యిండ్లలో భోజనమునకు గూర్చుండు వరుస యెల్లరకు దెలిసినదే. మొదట పిల్లలు, తరువాత పురుషులు, అందఱి కంచములు లేచిన పిమ్మట ఇల్లాలు. ఆమె కూర్చుండునప్పటికి అన్నము చల్లారియుండును. గిన్నె యడుగున మిగిలిన కూరయే యామె పాలు. ఈ యాచారమును నేనును ముప్పది యేండ్లు పాటించితిని గాని, దానిని గూర్చి యెన్నడు నాలోచింపలేదు. ఆలోచింపజేసినది హైటెక్ సిటీలోని యొక చిన్న ఫలహారశాల.

మా అమ్మాయి మాదాపురమున సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేయుచు, ఇద్దఱు స్నేహితురాండ్రతో గలిసి యొకే యింట నివసించుచున్నది. నేను చూడబోయిన నాటి సాయంకాలము ముగ్గురును నన్ను మెట్రో రైలులో వెంటబెట్టుకొని పోయిరి. 1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి వాజపేయి గారు సైబర్ టవర్సును ప్రారంభించిరి. 2019లో మెట్రో రైలు అమీరుపేట నుండి హైటెక్ సిటీ వరకు సాగెను. నేడు దీపములు పెట్టు వేళకు, పని ముగించి వచ్చిన యువతీయువకులతో నచ్చటి ఫలహారశాలలు నిండిపోవుచున్నవి. ఆడపిల్లలు తమ జీతపు డబ్బుతో, తమకు వలసినది తామే చెప్పి తెప్పించుకొని తినుచుండుట నాకు ముచ్చటగా దోచినది.

మేము పోయిన చోట స్లైడర్లు ప్రసిద్ధము. స్లైడరనగా చిన్న బర్గరు. అరచేత నిమిడెడు మెత్తని బన్నును అడ్డముగా గోసి, నడుమ కోడిమాంసపు బిళ్ళగాని, బంగాళాదుంప బిళ్ళగాని, పనీరు ముక్కగాని యుంచి, ఉల్లిచక్రములు, చీజు, కారపు సాసు చేర్చుదురు. మూడు నాలుగు కాట్లలో ముగిసిపోవును. హైదరాబాదు పెండ్లివిందులలో లుఖ్మీ తిన్నవారికి ఈ యూహ క్రొత్తది కాదు. అదియు నట్లే చిన్నదై, చదరముగా, కడుపులో కీమాతో వేగి వచ్చును. ‘లుఖ్మా’ యనగా ముద్ద యని యర్థము.

స్లైడరునకు బుట్టినిల్లు అమెరికా. 1921లో కాన్సస్ రాష్ట్రమందలి విచిటా పట్టణమున వాల్టర్ ఆండర్సన్, బిల్లీ ఇంగ్రాం అనువారు ‘వైట్ కాసిల్’ అను నంగడి తెఱచి, చిన్న బర్గరును 5 సెంట్లకు అమ్మిరి. అప్పటి గృహిణులు అంగటి కీమాను నమ్మెడివారు కారు. 1906లో అప్టన్ సింక్లేర్ రచించిన ‘ది జంగిల్’ నవల మాంసపు కర్మాగారముల మురికిని లోకమునకు జూపియుండెను. అందువలననే వారు అంగళ్ళకు తెలుపు రంగు వేసి, వంటను అందఱి కన్నులయెదుట జేయించిరి. 1932లో నొక స్త్రీని నియమించి, జూలియా జాయిస్ అను పేరుతో మహిళా సంఘముల కంపిరి. ఆమె బర్గర్ల సంచులతో బోయి గృహిణులకు రుచి చూపెను. ఇల్లాలి నమ్మకము లేనిదే వ్యాపారము సాగదని వారు గ్రహించిరన్నమాట!

ఇక మా బల్లకడకు వత్తము. పళ్ళెములో నాలుగు స్లైడర్లు వచ్చినవి. నేను అలవాటు చొప్పున నా ముందరిదానిని మా అమ్మాయివైపు జరిపి, “నాకు ఆకలి లేదు, నీవు తిను” అంటిని. నిజమునకు నాకు బాగుగ నాకలిగానే యుండెను. అది నవ్వి, “అమ్మా! నలుగురం, నాలుగు. లెక్క సరిపోయింది. నీది నువ్వే తినాలి” అని మరల నా ముందఱ బెట్టినది. పిమ్మట మెల్లగా, “చిన్నప్పటి నుంచీ నీకు ఆకలి లేదనే వింటున్నానమ్మా” అన్నది. నాకు మాట రాలేదు. వేడి వేడిగా దానిని దింటిని. పదుగురిలో, అందఱితోబాటు, నా వంతు నేను తిని యెన్నాళ్ళయ్యెనో!

సోదరీమణులారా, ఇది మనసున కింపు గలిగించు ముచ్చట మాత్రమే కాదు. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత గలదని తేలినది. కారణములు పెక్కులు గలవు. కాని పప్పు, ఆకుకూర, గ్రుడ్డు అందఱికి వడ్డించి, తాను చారన్నముతో సరిపెట్టుకొను నలవాటు ఆమెకు మేలు చేయదుగదా!

అట్లని నిత్యము బయట తినుడని నేను చెప్పను. బన్ను మైదాతో జేసినది. సాసులలో ఉప్పు, చక్కెర యెక్కువ. 1930లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున నొక వైద్యవిద్యార్థి 13 వారములు వైట్ కాసిల్ బర్గర్లును నీరును మాత్రమే పుచ్చుకొని యారోగ్యముగా నుండెనని చాటిరి. ఆ పరీక్షకు ధనమిచ్చినది బర్గర్ల వర్తకుడే యని మఱవరాదు. మన దేశమున 2020 నాటి నియమముల ప్రకారము, పది లేక యంతకు మించిన శాఖలున్న భోజనశాలలు ప్రతి వంటకపు కెలోరీలను పట్టికలో జూపవలెను. అది చదివి కోరుకొనుట మంచిది. ఇంకొక మాట: బిల్లులో సేవారుసుమును తమంతట తామే చేర్చరాదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశించినది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దానిని సమర్థించినది. బిల్లును ఒకమారు చదువుటకు సిగ్గుపడవలదు.

ఇంటికి మరలివచ్చిన మఱునాడు గిన్నెలన్నియు బల్ల నడుమ నుంచి, నాకును కంచము పెట్టుకొని కూర్చుంటిని. మావారు ఒక్క క్షణము నావైపు జూచి, గరిటె తామే యందుకొని, మొదట నా కంచములో పప్పు వడ్డించిరి. అది పొగలు గ్రక్కుచుండెను.