కథలో ఊరు ఊరికే ఉండదు



మధ్యాహ్నం భోజనాలయ్యాక, పిల్లలు బడి నుంచి వచ్చేలోగా మనకు దొరికే ఆ గంటన్నర సమయంలో చాలామందిమి పత్రిక తిరగేస్తాం. కథ చదువుతాం. "బాగుంది" అనో "ఏమీ లేదమ్మా" అనో ఒక మాట అనేసి పక్కన పెట్టేస్తాం. బాగున్న కథ ఎందుకు బాగుందని ఎవరైనా అడిగితే పాత్రల గురించి చెబుతాం, ముగింపు గురించి చెబుతాం. ఆ కథ ఏ ఊళ్ళో జరిగిందని అడిగితే మాత్రం ఒక్కోసారి గుర్తుకు రాదు. ఈవేళ ఆ ఊరి గురించే మాట్లాడుకుందాం.

ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. మీరు చదివిన ఏదైనా కథలో ఊరి పేరు తీసేసి ఇంకో ఊరి పేరు పెట్టండి. వనపర్తి తీసి విజయనగరం పెట్టండి. కథ ఏమీ చెక్కుచెదరకుండా అలాగే నడిచిపోతే, అందులో ఊరు గోడకు తగిలించిన కేలెండరు లాంటిదన్నమాట. ఏ బొమ్మ ఉన్నా తేదీలు అవే. అలా కాకుండా ఊరు మార్చగానే కథ కుప్పకూలిందనుకోండి, అక్కడ ఊరు ఇంటికి దూలం లాంటిది. వాతావరణం, నేపథ్యం, స్థలకాలాలు అని విమర్శకులు రకరకాల పేర్లు పెట్టారు గాని, విషయం ఇంతే. ఫలానా చోట ఏది జరగడానికి వీలుంది, ఏది జరగడానికి వీల్లేదు, ఎవరు ఎవరికి ఎదురుపడక తప్పదు అన్నది తేల్చేది ఆ చోటే. ఇతివృత్తం అక్కణ్ణించే పుడుతుంది.

పాలగుమ్మి పద్మరాజుగారి "గాలివాన" మీలో చాలామంది చదివే ఉంటారు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వారి ప్రపంచ కథానికల పోటీలో రెండవ బహుమతి పొందిన కథ అది. అందులో రావుగారు నియమాల మనిషి. జీవితానికంతటికీ ఒక పద్ధతి, ఒక లెక్క ఏర్పరచుకున్న పెద్దమనిషి. ఆయనకు ఎదురుగా ఒక బిచ్చగత్తె. మామూలు రోజుల్లో వీళ్ళిద్దరూ ఒకచోట ఎంతసేపుంటారు? ఒక అణా ఇచ్చేంతసేపు, లేదా "పో పో" అనేంతసేపు. పద్మరాజుగారు ఏం చేశారంటే, వాళ్ళను రైలెక్కించి, గాలివానలో ఒక చిన్న స్టేషనులో దింపారు. చుట్టూ చీకటి. పోవడానికి ఇంకో చోటు లేదు. రావుగారి నియమాలన్నీ నాలుగు గోడలు గట్టిగా ఉన్నంతవరకే పనికొచ్చే నియమాలు. ఆ గోడలే ఊగిపోతుంటే ఆయన ఏమవుతాడు? అదే కథ. గాలివాన తీసేస్తే రావుగారు హాయిగా సభకు వెళ్ళి, ఉపన్యాసమిచ్చి, ఇంటికొచ్చి పడుకుంటాడు. ఇక కథేముంది?

రష్యాలో చెహోవ్ అనే ఆయన 1899లో ఇలాంటి పనే ఇంకో రకంగా చేశాడు. కుక్కపిల్లను వెంటేసుకు తిరిగే ఒక ఇల్లాలు, ఆమెతో పరిచయమైన ఒక పెళ్ళయిన మగవాడు. ఈ కథ యాల్టా అనే సముద్రతీరపు విడిది ఊళ్ళో మొదలవుతుంది. అక్కడ అందరూ పరాయివాళ్ళే, ఎవరికి ఎవరూ జవాబు చెప్పుకోనక్కరలేదు. అదే కథ మన నాగర్‌కర్నూలులో పెట్టి చూడండి. మొదటి రోజు సాయంకాలానికే కబురు మేనత్తగారింటికి చేరిపోతుంది! అంచేత నాగర్‌కర్నూలులో జరిగేది వేరే కథ. అది తక్కువ కథ అని కాదు సుమా.

కాళీపట్నం రామారావుగారి "యజ్ఞం" చూడండి. అందులో అప్పు తగవు ఊరందరి ఎదుటా నడుస్తుంది. అప్పులవాడికీ షావుకారికీ మధ్య గుట్టుగా తేలిపోయి ఉంటే ఆ భయంకరమైన ముగింపు వచ్చేదా? తీర్పు నలుగురిలో చెప్పడం, నలుగురిలో ఒప్పుకోవలసి రావడం, ఇవే ఆ మనుషుల మెడకు ఉచ్చు బిగించాయి.

ఇక మన పాలమూరు వైపు వద్దాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016లో మూడు జిల్లాలయ్యాయి గాని, అంతకుముందు అన్నీ మహబూబ్‌నగర్ జిల్లాయే. ఈ నేల కథకు కొత్తది కాదు. గద్వాల ప్రాంతంలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారు "మొగలాయి కథలు" రాశారు. "గ్యారా కద్దూ బారా కొత్వాల్" అన్న పేరు విన్నారా? పదకొండు గుమ్మడికాయలు, పన్నెండు మంది కొత్వాళ్ళు. ఆ లెక్క కుదరకపోవడంలోనే నవ్వంతా ఉంది. అడుగడుక్కీ ఒక అధికారి చెయ్యి చాచే రాజ్యంలో తప్ప ఆ లెక్కకు అర్థం లేదు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో 1934లో "గోలకొండ కవుల సంచిక" తెచ్చిన పట్టుదల కూడా ఆయనదే. ఎవరూ రాయని ఊరు లేని ఊరితో సమానమని ఆయనకు బాగా తెలుసు. తరవాత 1952లో వనపర్తి నుంచి శాసనసభకూ వెళ్ళారు.

గద్వాల అనగానే మనకు చీర గుర్తుకొస్తుంది. అగ్గిపెట్టెలో పట్టే చీర అని గొప్పగా చెప్పుకుంటాం కూడా. చీర మడత మనకు తెలుసు, చీర నేసే ఇల్లు తెలియదు. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. నూలు వేరు, పట్టు వేరు గనక కొంగు దగ్గర పట్టు పోగును నూలు పోగుకు ఒక్కొక్కటిగా చేత్తో అతకాలి. రంగు వేరే అంచు రెండు పక్కలా వస్తుంది గనక మగ్గం దగ్గర ఒక్కరు చాలరు, రెండో మనిషి సాయం పట్టాలి. ఆ రెండో మనిషి ఎవరు? చాలా ఇళ్ళలో భార్యే, లేదా కూతురే.

ఇప్పుడు కథ ఆలోచించండి. మొగుడూ పెళ్ళాలకు మాటా మాటా వచ్చింది. మన బస్తీ కథల్లో అయితే ఆవిడ విసురుగా వంటింట్లోకి వెళ్ళిపోతుంది, ఆయన చొక్కా తగిలించుకుని వీధిలోకి పోతాడు. మగ్గం ఇంట్లో అలా కుదరదు. కోపం కోపమే, నాడె నాడే. ఆవిడ లేస్తే చీర ఆగిపోతుంది. ఒక మూర ఎడంలో కూర్చుని, మాట్లాడుకోకుండా, ఒకరి చేతి వేగం ఒకరు చూసుకుంటూ సాయంకాలం దాకా నేయాలి. కోపం నేతలో తెలిసిపోతుందా? దెబ్బ గట్టిగా పడుతుందా? అలిగిన మనిషి లేచిపోవడానికి వీల్లేని చోట అలక ఎలా తీరుతుంది? ఇది ఒక్క మగ్గమే ఇవ్వగల కథ. డ్రాయింగురూములో, సోఫా మీద ఎంతమంది దంపతులను కూర్చోబెట్టినా రాదు.

పైగా అది గుంట మగ్గం. నేతగాడి కాళ్ళు నేలలోకి తవ్విన గుంటలో ఉంటాయి. ముసురు పడితే గుంటలో చెమ్మ, పోగులు సాగుతాయి, పని సాగదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగినప్పుడు రాజోలి నేతపని వాళ్ళ ఇళ్ళు నీళ్ళపాలయ్యాయి. మేడ మీద ఉన్నవాళ్ళకు వరద గుమ్మంలోకి రావడం ఒక ఎత్తు, ఇంట్లో అన్నం పెట్టే పనిముట్టు ఉన్నదే గుంటలో అయితే అది వేరే ఎత్తు. నీళ్ళు మొట్టమొదట నిండేది ఆ గుంటే కదా!

ఆ నడిగడ్డలోనే ఇంకొక సంగతి ఉంది, దాని మీద కథలు ఇంకా చాలా రావాలని నాకనిపిస్తుంది. నడిగడ్డ అంటే కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న నేల. అక్కడ సీడుపత్తి పండిస్తారు, విత్తనం కోసం వేసే పత్తి అన్నమాట. సాయంకాలం మొగ్గ విప్పి లోపలి పుప్పొడి తిత్తులు తీసేయాలి. మర్నాడు పొద్దున్నే మగ పువ్వు తెచ్చి దానికి రాయాలి. ఎండెక్కితే పనికిరాదు. చిన్న చేతులు, చురుకైన వేళ్ళు కావాలంటూ ఏళ్ళ తరబడి ఆడపిల్లలను దించారు ఈ పనికి. చూశారా, ఆ పువ్వుకు కావలసిన సమయమూ, బడి గంట కొట్టే సమయమూ ఒకటే! వానాకాలపు పంట గనక క్వార్టర్లీ పరీక్షల రోజులూ అవే. ఇక మీరు దుర్మార్గుడైన తండ్రిని సృష్టించనక్కరలేదు, సవతితల్లిని తేనక్కరలేదు. తండ్రి మంచివాడే కావచ్చు, పిల్ల క్లాసులో ఫస్టే కావచ్చు. ముందుగా తీసుకున్న అప్పు ఒకటుంది, ఒక పువ్వు ఆరోజు పొద్దున తప్ప ఇంకెప్పుడూ పనికిరాదు, పరీక్ష కూడా ఆరోజు పొద్దుననే. పిల్ల ఎటు వెళ్తుంది? ఎవరు పంపుతారు? ఆ చేనుగట్టు మీద ఒక తల్లి నిలబడి ఉంటే ఆమె నోటి నుంచి ఏ మాట వస్తుంది?

ఏటి మధ్య ఊరు కూడా ఉంది మనకు. గద్వాల దగ్గర గుర్రంగడ్డ కృష్ణానది మధ్యనున్న దీవి. తరతరాలుగా అక్కడివాళ్ళకు ఒడ్డు చేరడానికి పుట్టే ఆధారం. మన కథకులకు వరద, పుట్టి అని చెప్పగానే నొప్పులు పడుతున్న గర్భిణి కళ్ళముందు కనిపిస్తుంది. నిజమే, అలాంటి కష్టం ఉంటుంది, కాదనను. అయితే అదే కథ ఇంతమంది రాశాక నాకు దానిమీద మోజు తగ్గింది. దీవి ఊళ్ళో ఇంకో చిక్కుంది. పుట్టి నడిపేవాడితో తగవు పెట్టుకున్న ఇల్లు ఏమవుతుంది? గట్టు మీది ఊళ్ళో తగవైతే ఇంకో వీధిలోంచి వెళ్ళొచ్చు. ఇక్కడ ఆయన ఒక్కడితో మాట మానేస్తే సంత లేదు, ఆసుపత్రి లేదు, పుట్టిల్లు లేదు.

వనపర్తి వైపు కొన్ని చిన్న చిన్న సంగతులు చెప్పి వదిలేస్తాను. వనపర్తి రోడ్ అని రైల్వే స్టేషనుంది. పేరు చూసి దిగిన కొత్త మనిషికి ఎదురుగా వనపర్తి కనబడదు, ఊరు చాలా దూరం. రాత్రి బండి దిగిన ఒంటరి ఆడమనిషికి ఆ స్టేషను పేరే మొదటి మలుపు. అలాగే 1959లో ప్రారంభమైన సరళాసాగర్ ఉంది. నీళ్ళు ఒక మట్టానికి రాగానే సైఫన్లు వాటంతటవే పారతాయి, గేటెత్తే మనిషి అక్కరలేదు. ఆనకట్ట కథలన్నిటిలోనూ గేటు దగ్గర ఒక దుష్టుడో, నిద్రపోయిన నౌకరో ఉంటాడు. ఇక్కడ తప్పు ఎవరిమీద వేస్తారు? 2019 డిసెంబరు 31న ఆ కట్టకే గండి పడింది. నీటి ఉధృతికి ఎవరి మీద కోపగించుకోవాలో తెలియని రైతు మనసు కూడా ఒక కథే.

కొల్లాపురం పక్కకు వెళ్తే శ్రీశైలం జలాశయపు నీళ్ళు కనిపిస్తాయి. 1980ల మొదట్లో ఎన్నో ఊళ్ళు ఆ నీటికింద పోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి తిరిగి కట్టారు. సోమశిలకు ఎదురొడ్డున సప్తనదుల సంగమేశ్వరం మాత్రం అక్కడే ఉండిపోయి, ఏటా నీళ్ళు తగ్గాక ఎండాకాలంలో కొన్నాళ్ళు బయటపడి మళ్ళీ మునుగుతుంది. గుళ్ళకు ఈ ఏర్పాట్లు జరిగాయి. ఇళ్ళకు? అలాంటి మునిగిన ఊరి ఆడపడుచును ఒకామెను ఊహించుకోండి. పుట్టింటి మీద అలిగి వచ్చేసింది, మళ్ళీ గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకుంది. ఏ కథలోనైనా ఆ ఒట్టు ఏదో ఒక పండక్కి తీరుతుంది, అన్నగారు బండి కట్టుకుని వస్తాడు. ఈమె గుమ్మం నీళ్ళలో ఉంది. అన్నగారు వచ్చి రమ్మన్నా ఎక్కడికి రమ్మంటాడు? నష్టపరిహారం డబ్బుతో వేరే ఊళ్ళో కట్టుకున్న ఇల్లు ఆయన ఇల్లే గాని ఆమె పుట్టిల్లు అవుతుందా? నీళ్ళు బాగా తగ్గిన ఏడు, మొండిగోడలు కనబడుతున్నాయని ఎవరో చెబితే ఆమె ఏం చేస్తుంది? నా మట్టుకు నాకు, అన్న ముందు నడుస్తూ "ఇక్కడ వంటిల్లు, ఇక్కడ గాదె" అని చెబుతుంటే ఆమె ఒట్టు సంగతి ఇద్దరూ ఎత్తకుండా తిరిగొస్తారనిపిస్తుంది. మీకు వేరేగా అనిపించవచ్చు.

చోటుతోపాటు కాలమూ చూడాలి. పాలమూరు కూలీలు దేశమంతా వలసపోయి ఆనకట్టలు కట్టారు, రోడ్లు వేశారు. మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇచ్చేవాడు, పిల్లాజెల్లాతో బయల్దేరేవారు. ముసలివాళ్ళు ఇంటి దగ్గర. వెళ్ళిన కొడుకు ఎలా ఉన్నాడో తిరిగొచ్చేదాకా తెలిసేది కాదు. ఆనాటి కథకు ఆ ఎదురుచూపే ఆయువుపట్టు. ఇప్పుడు సెల్‌ఫోను వచ్చింది. జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు కొన్ని పొలాలకు అందాయి. పాత ఎదురుచూపు కథను ఈ రోజుల్లో పెట్టి రాస్తే చదివేవాళ్ళు "ఒక ఫోను కొట్టొచ్చుగా" అంటారు. న్యాయమే. అందుకని కథ పోయిందనుకోకూడదు. రోజూ సాయంత్రం ఫోనులో "బాగున్నానమ్మా" అనే కొడుకు, వెనకాల వినిపిస్తున్న దగ్గును పసిగట్టే తల్లి, అడిగితే ఫోను పెట్టేస్తాడేమోనని అడగని తల్లి, ఇది నిన్నటిదాకా లేని కథ.

కథలు రాసే మన చెల్లెళ్ళకు ఒక్క మాట. ఊరు వర్ణించమంటే చాలామంది సూర్యోదయంతో మొదలుపెట్టి, కొండలూ కోనలూ దాటి, రెండు పేజీల తర్వాత మనిషిని తెస్తారు. అంత అక్కరలేదు. గద్వాల కోట గురించి ఒక పేరా రాసినంత మాత్రాన అది గద్వాల కథ కాదు. ఆ కోటలోని చెన్నకేశవుడి గుడి దగ్గర పూలమ్మే ఆవిడ గంపకు ఎండ ఏ వేళ తగులుతుందో, తగిలినప్పుడు ఎవరి అరుగు మీదికి జరుగుతుందో, ఆ అరుగువాళ్ళు ఏమంటారో రాస్తే చాలు. అరుగువాళ్ళు ఏమీ అనకపోతే ఒక కథ, అంటే ఇంకో కథ. మీ వీధి అరుగులు ఎలా ఉంటాయో మీకు తెలిసినంత నాకు తెలియదు కదా.