వించ్ బరువు మోసేది బంపరు కాదు

బదిలీ ఉద్యోగుల పిల్లలం కాబట్టి మేము రకరకాల దారులు చూస్తూ పెరుగుతాం. జైసల్మేర్‌లో ఇసుక, అస్సాంలో వానాకాలపు బురద, లేహ్‌లో మంచు. ఊరు మారినా, దారి మారినా కంటోన్మెంట్లలో మారకుండా కనిపిస్తూ వచ్చిన బండి మారుతి జిప్సీ. 1985లో మన దేశంలో మొదలైన ఈ చిన్న బండిలో ఇంజను శక్తిని నాలుగు చక్రాలకూ అందించవచ్చు. అయినా నాలుగు చక్రాలూ ఒకేసారి బురదలో జారితే ఎంత మంచి ఇంజనైనా ఏమీ చేయలేదు. చక్రానికి నేల పట్టు దొరకాలి. అది దొరకనప్పుడు బండి తనను తానే బయటికి లాక్కోవాలి. అందుకోసం బండి ముందు బిగించే యంత్రమే వించ్.

వించ్‌లో ఉండేవి కొద్ది భాగాలే: ఒక మోటారు, వేగం తగ్గించి బలం పెంచే పళ్లచక్రాలు, తాడు చుట్టుకునే డ్రమ్ము, తాడు చివర కొక్కెం. దూరంగా ఉన్న గట్టి చెట్టుకు పట్టీ చుట్టి, దానికి కొక్కెం తగిలించి మోటారు నడిపితే తాడు డ్రమ్ముకు చుట్టుకుంటుంది. చెట్టు కదలదు కాబట్టి బండి కదులుతుంది.

చూసేవాళ్లకు వించ్‌ను బంపరుకే బిగించినట్టు కనిపిస్తుంది. అసలు సంగతి అది కాదు. ఆ తేడా ఏమిటో వివరించడానికే మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

బలం నడిచే దారి

ముందుగా ఎంత బలం కావాలో చూద్దాం. మనుషులు, సామాను ఎక్కాక జిప్సీ బరువు సుమారు 1,500 కిలోలు అనుకుందాం. బండి బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు లాగగలిగే వించ్ ఉండాలన్నది ఈ పనిలో అందరూ పాటించే లెక్క. అంటే 2,250 కిలోలు. బజారులో దొరికే సుమారు 2,700 కిలోల వించ్ తీసుకుందాం. న్యూటన్లలో చెబితే దాని లాగుడు దాదాపు 27,000.

ఇంత బలం ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో వేలితో గీసుకుంటూ రండి. చెట్టు నుంచి కొక్కేనికి, కొక్కెం నుంచి తాడుకు, తాడు నుంచి డ్రమ్ముకు, అక్కడి నుంచి వించ్ కాళ్లకు, కాళ్లను పట్టుకున్న బోల్టులకు, బోల్టుల కింద ఉన్న మందపాటి ఇనుప ప్లేటుకు, చివరికి ఛాసిస్‌కు. జిప్సీ ఛాసిస్ నిచ్చెన ఆకారంలో ఉంటుంది. రెండు పొడవాటి ఇనుప దూలాలు, మధ్య అడ్డ దూలాలు. బండి బరువంతా మోసేది ఇదే కాబట్టి ఆ బలాన్ని తట్టుకోగలిగిందీ ఇదే.

ఈ దారిలో బంపరు పేరు ఎక్కడా రాలేదు. రాకూడదు కూడా. జిప్సీ బంపరు రేకును వంచి చేసినది. చిన్నపాటి దెబ్బలను ఆపడానికే దాన్ని పెట్టారు గాని, టన్నుల బరువు లాగడానికి కాదు. వించ్‌ను నేరుగా దానికే బిగిస్తే మొదటి బురదగుంటలోనే బంపరు వంగిపోవచ్చు, ఊడి రావచ్చు.

బంపరులో చేసే మార్పు

మరి బంపరును ఎందుకు మారుస్తారు? వించ్‌కు చోటు ఇవ్వడానికి, తాడు బయటికి రావడానికి. బంపరు మధ్యభాగాన్ని కొలత ప్రకారం కోస్తారు, లేదా పాతది తీసేసి మందపాటి ఇనుముతో కొత్తది కట్టిస్తారు. రెండు ఛాసిస్ దూలాలనూ కలుపుతూ ఒక ప్లేటు బిగించి, వించ్‌ను దాని మీద కూర్చోబెడతారు.

ఈ పనిలో మంచి మేస్త్రీ నాలుగు విషయాలు చూస్తాడు.

మొదటిది, ప్లేటు బరువు ఒక్క దూలం మీదే పడకుండా రెండింటి మీదా సమానంగా పడాలి. రెండోది, వించ్ వీలైనంత కిందుగా, దూలాల ఎత్తులోనే ఉండాలి. పైకి ఉన్నకొద్దీ లాగుడు దూలాలను వంచే ప్రయత్నం చేస్తుంది. తలుపును బందుకు దూరంగా నెడితే సులువుగా తిరిగినట్టే ఇదీ. మూడోది, బోల్టులు సరైనవి కావాలి. బోల్టు తల మీద 8.8 అని అంకె ఉంటే దానికి అర్థం ఉంది. మొదటి 8 అంటే తెగే ముందు చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల వరకు ఓర్చుకుంటుందని. చుక్క తర్వాతి 8 అంటే అందులో పదింట ఎనిమిది వంతులు, అంటే 640 దగ్గర శాశ్వతంగా సాగడం మొదలవుతుందని. అంకె లేని బోల్టును ఇక్కడ నమ్మకూడదు. నాలుగోది, రేడియేటరుకు గాలి ఆగకూడదు, దీపాలు, నంబరు ప్లేటు మూసుకుపోకూడదు.

బరువు, కరెంటు

ముందు చక్రాల ఇరుసుకు 70 సెంటీమీటర్ల ముందు 50 కిలోల వించ్, ప్లేటు కలిపి వేలాడదీశామనుకోండి. జిప్సీ ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2,375 మిల్లీమీటర్లు. తూకం సూత్రం ప్రకారం 50ని 0.7తో గుణించి 2.375తో భాగిస్తే సుమారు 15 వస్తుంది. అంటే వెనక చక్రాల మీద భారం 15 కిలోలు తగ్గుతుంది, ముందు చక్రాల మీద 65 కిలోలు పెరుగుతుంది. పెట్టింది 50, ముందు పడింది 65! అందుకే ముందు కమాన్ కట్టలు కుంగుతాయి, స్టీరింగు బరువెక్కుతుంది.

కరెంటు లెక్క కూడా ఇలాంటిదే. పూర్తి భారం మీద వించ్ మోటారు 12 వోల్టుల దగ్గర 300 ఆంపియర్లు తీసుకుంటే 3,600 వాట్లు. 75 వాట్ల ఫ్యాన్లు 48 తిరిగేంత శక్తి అది. బండిలోని ఆల్టర్నేటర్ ఒక్కటే అంత ఇవ్వలేదు, మిగతాది బ్యాటరీ ఇవ్వాలి. అందుకే ఇంజను ఆపకుండా, మధ్యమధ్య ఆగుతూ లాగాలి. లావుపాటి వైర్లే వాడాలి.

గిలక సాయం

వించ్ బలం చాలకపోతే గిలక ఉంది. బావి మీది గిలక బలం దిశను మారుస్తుందే గాని పెంచదు. ఇక్కడ మాత్రం గిలకను చెట్టుకు కట్టి, తాడును దాని చుట్టూ తిప్పి మళ్లీ బండికే తగిలిస్తారు. అప్పుడు తాడు రెండు పాయలూ బండినే లాగుతాయి. లాగుడు దాదాపు రెట్టింపు, వేగం సగం. ఆ రెండో కొనను బంపరుకు కాక, ఛాసిస్‌కు బిగించిన కొక్కేనికే తగిలించాలి.

ఇంకో విషయం. డ్రమ్ము మీద తాడు ఒకే పొర ఉన్నప్పుడే వించ్ పూర్తి బలం చూపుతుంది. పొరలు పెరిగి వ్యాసార్ధం ఒకటిన్నర రెట్లయితే లాగుడు మూడింట రెండు వంతులకు పడిపోతుంది. అయితే చివరి అయిదు చుట్లయినా డ్రమ్ము మీద మిగిలి ఉండాలి, లేకపోతే తాడు ఊడిపోతుంది.

మనం ఎక్కడ నిలబడాలి?

బండి ఇరుక్కుంటే చుట్టూ మూగేది ముందు మనమే. బిగుసుకున్న ఉక్కు తాడులో సాగదీసిన రబ్బరులో లాగే శక్తి దాగి ఉంటుంది. అది తెగినా, బోల్టు విరిగినా కొరడాలా వెనక్కి కొడుతుంది. ప్రాణాలు తీయగలదు. అందుకే తాడు మధ్యలో బరువైన దుప్పటి లేదా సంచి వేస్తారు, తెగితే ఆ బరువుకు తాడు కిందికి పడుతుంది. తాడు ఎంత పొడవు బయట ఉందో అంతకన్నా దూరంలో, పక్కకు నిలబడాలి. బిగిసిన తాడును ఎప్పుడూ దాటకూడదు. నైలాన్ కన్నా గట్టివైన కొత్తరకం సింథటిక్ తాళ్లు తేలిక, తెగినప్పుడు అంత జోరుగా కొట్టవు. కాని ఎండకూ రాపిడికీ పాడవుతాయి.

చట్టం మాట

సహాయక బృందాల బళ్లకు, రోడ్లు వేసే సంస్థల బళ్లకు వించ్ వాటి పనిలో భాగం. ఇంటి బండి సంగతి వేరు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. అనుమతి లేని క్రాష్ గార్డుల మీద, బుల్ బార్ల మీద చర్య తీసుకోవాలని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలను కోరింది. కారణం సూటిగానే ఉంది. కొత్త కార్ల ముందుభాగం దెబ్బ తగిలితే నలిగి, ఆ దెబ్బను తనలో ఇముడ్చుకునేలా చేస్తారు. దాని ముందు గట్టి ఇనుము పెడితే ఆ దెబ్బ లోపల కూర్చున్నవాళ్లకు చేరుతుంది, ఎయిర్‌బ్యాగు సమయానికి తెరుచుకోకపోవచ్చు. రోడ్డు దాటే మనిషి కాళ్లకు ఆ ఇనుమే తగులుతుంది.

కాబట్టి బండి ముందు ఇనుము చూసి ముచ్చటపడేముందు ఒక్క ప్రశ్న వేయాలి: బలం వచ్చినప్పుడు అది ఎవరి మీదికి పోతుంది? ఛాసిస్ మీదికి పోతే పని జరుగుతుంది, మనిషి మీదికి పోతే ప్రమాదం జరుగుతుంది. అనుభవం ఉన్న డ్రైవరు బురద కనిపించగానే దిగి, కర్రతో లోతు చూసి, వేరే దారి ఉందేమో వెతుకుతాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మన పెద్దలు ఊరికే అనలేదు.